మామ్మగారికి ఓ పట్టాన అర్థం కాని ఏడు డబ్బాలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పుస్తకంలో ఉన్నది గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలిగితే అది మనకి వచ్చేసినట్టేనన్నది ఒకటి. నాకు అన్నీ వచ్చునన్నది రెండోది. ఇప్పుడు తల్చుకుంటే రెండోదానికి నవ్వొస్తుంది, మొదటిదానికి భయమేస్తుంది. ఎందుకంటే ఇవాళ నా ఎదురుగా బెంచీల మీద కూర్చునే పిల్లలందరిదీ ఆ మొదటి నమ్మకమే. 'ఆ రోజులు' అన్నాను కదా అని మరీ ఎడ్లబళ్ళ కాలం అనుకునేరు. అప్పటికే అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. మా మేనత్త కూడా పొద్దున్నే గులాబీ బొమ్మతో శుభోదయం పంపడం నేర్చేసుకుంది. ఆ గులాబీ మా మేనత్త ఫోన్లోంచి నా ఫోన్లోకి ఏ దారిన వచ్చిందో మాత్రం, రెండు డిగ్రీలు చదివి కూడా, నేను ఎవరికీ చెప్పలేని స్థితిలో ఉన్నాను. చెప్పలేనని నాకే తెలియకపోవడం అసలు గమ్మత్తు.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. అందులో నెట్‌వర్క్స్ అని ఒక సబ్జెక్టు, దానికి మొదటి పాఠం ఏడు పొరలు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి కబురు వెళ్ళాలంటే ఆ చాకిరీ అంతా ఒక్కరి నెత్తిన వేయకుండా ఏడు పొరలుగా పంచారు. పై పొర కింది పొరకి కబురు అందిస్తుంది. ప్రతి పొరా తనకి కావలసిన గుర్తో చిరునామానో పైన చుట్టి కిందికి దించుతుంది. అవతలి కంప్యూటర్లో అదే వరస తిరగేసి, ఏ పొర చుట్టింది ఆ పొరే విప్పుకుంటూ పైకి తీసుకెళ్తుంది. అంతే సంగతి. ఇంత సుళువుగా మాకు ఎవరూ చెప్పలేదు. అప్లికేషన్, ప్రెజెంటేషన్, సెషన్, ట్రాన్స్‌పోర్ట్, నెట్‌వర్క్, డేటా లింక్, ఫిజికల్ (చూశారా, ఇప్పటికీ ఊపిరి తీసుకోకుండా వచ్చేస్తుంది) అని ఎక్కాల్లా బట్టీ వేయించారు. పరీక్షలో ఒకదాని మీద ఒకటి ఏడు గదుల బొమ్మ గీసి, స్కేలు పెట్టి కింద గీతలు కొట్టి వస్తే మార్కులు వాటంతటవే పడేవి. (నిజానికి బయట ఇంటర్నెట్టు నాలుగైదు పొరలతోనే కాపురం వెళ్ళదీస్తోంది. శుభలేఖ మీద ఎన్ని పేర్లు వేసినా పెళ్ళిలో పరిగెత్తేది నలుగురే కదా, ఇదీ అంతే.)

మాది కడియం. మా బాబాయికి నర్సరీ ఉంది. మా ఊళ్ళో చదువు అయిపోయి ఎవరు ఖాళీగా కనిపించినా "మొక్కల్లోకి వచ్చెయ్యి" అంటారు. నన్ను మాత్రం మా బాబాయి పొరపాటున కూడా ఆ మాట అనలేదు. నా చెయ్యి అలాంటిది. చిన్నప్పుడు నేను ముచ్చటపడి నీళ్ళు పోసిన మొక్క ఏదీ మర్నాటికి తల ఎత్తలేదు. "ఒసేయ్, నువ్వు ప్రేమగా చూస్తే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుందే" అనేవాడు. అలాంటిది, చదువు పూర్తయి ఏడాది గడిచినా నాకు ఉద్యోగం రాకపోయేసరికి మా అమ్మ తేల్చి చెప్పేసింది. ఈ వేసవిలో ఏదో ఒకటి కుదరకపోతే నేను బాబాయి నర్సరీలో కూర్చుని మొక్కలు అమ్మాల్సిందే. ఆ మాటకి నాకంటే బాబాయికే ఎక్కువ వణుకు పుట్టింది. గోదావరి అవతల కొవ్వూరులో తను మొక్కలు వేసే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉందని ఆఘమేఘాల మీద కనుక్కొచ్చింది ఆయనే. "ఇన్ని వేల మొక్కల ప్రాణం నీ చేతిలో పెడుతున్నానే తల్లీ. ఆ ఉద్యోగం తెచ్చుకో" అని నిజంగానే దణ్ణం పెట్టాడు.

నన్ను కాలేజీకి కాదు, ఆ కాలేజీ కరస్పాండెంట్ గారింటికి రమ్మన్నారు. ఆయన రైస్ మిల్లు యజమాని, మనిషి నిండా మర్యాదే. ఫోన్లో 'మీరు ప్రయత్నిస్తున్న నంబరు అందుబాటులో లేదు' అని చెప్పే రికార్డు గొంతుకి కూడా "అలాగేనండి, ఉంటానండి" అని చెప్పిగానీ ఫోను పెట్టరు. నేను సర్టిఫికెట్ల ఫైలు తీయబోతుంటే చేతులు అడ్డంపెట్టేశారు.

"అవన్నీ ఎందుకండీ, మీరు చదువుకున్నారని మొహం చూస్తేనే తెలుస్తోందండి. మాకు కావాల్సింది చెప్పడం వచ్చా రాదా అనండి. సెలవులు కదండీ, పిల్లలు లేరు. మా అమ్మగారికి ఒక పాఠం చెప్పేయండి."

"మీ అమ్మగారికా అండీ?"

"ఆవిడకి అర్థమైతే మా పిల్లలకి అర్థమైనట్టేనండి. వాళ్ళకంటే ఈవిడే నయం, నిద్రపోరు. ఆవిడ 'అర్థమైంది' అన్నారంటే సోమవారం నుంచి మీరు మా లెక్చరరండి. అనలేదనుకోండి, ఏమీ అనుకోకుండా కాఫీ తాగి వెళ్ళిపోదురుగాని."

ఇంత తేలికైన ఇంటర్వ్యూ భూప్రపంచంలో ఉండదనుకున్నాను. లోపల నుంచి మామ్మగారు వచ్చి మండువాలో కుర్చీ వేయించుకు కూర్చున్నారు. పుట్టిల్లు ఆత్రేయపురమట, మనిషి పూతరేకు అంత పల్చగా ఉన్నారు, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని "ఓపెన్ సిస్టమ్స్..." అనేలోపు ఆవిడ "ముందు భోంచెయ్యి తల్లీ, చదువెక్కడికీ పోదు" అన్నారు. ఆ ఇంటి పెద్దకోడలు, అంటే కరస్పాండెంట్ గారి భార్య, వడ్డించడం మొదలుపెట్టారు. మామిడికాయ పప్పు, గుత్తొంకాయ, కొత్తావకాయ, మజ్జిగ పులుసు, మీద గడ్డ పెరుగు. నేను చాలంటున్న కొద్దీ ఆవిడ గరిటె నా విస్తట్లోకే తిరుగుతోంది. లేచేసరికి నాకు ఏడు పొరల్లో మూడే గుర్తున్నాయి. కరస్పాండెంట్ గారు పడక కుర్చీలో వాలి హాయిగా గుర్రు పెట్టేశారు. నిద్ర మొహం లేనిది మామ్మగారికొక్కరికే.

సరే, పాఠం మొదలుపెట్టాను. పైన ఉండేది అప్లికేషన్ లేయరండి, దాని కింద ప్రెజెంటేషన్ లేయరండి అంటూ దిగుతుంటే మామ్మగారు చెయ్యెత్తి ఆపారు.

"ఏడుగురూ ఒక్క ఇంట్లోనే ఉంటారా?"

"ఒక్క కంప్యూటర్లోనేనండి."

"ఇంకా వేరుపడలేదన్నమాట. అదృష్టవంతులు. అందరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారా?"

"సరిగ్గా తమ పైనున్నవాళ్ళతో, కిందున్నవాళ్ళతో మాత్రమేనండి. మధ్యవాళ్ళని దాటేసి మాట్లాడకూడదండి."

"మేమూ అంతేలే. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా మామగారితో ఎదురుపడి మాట్లాడేదాన్ని కాదు. ఆయనకి మజ్జిగ కావాలేమోనని నేను మా అత్తగారిని అడిగేదాన్ని, ఆవిడ వెళ్ళి ఆయన్ని అడిగేది. ఆయన ఆవిడకి చెబితే ఆవిడొచ్చి నాకు చెప్పేది. ఈలోగా మజ్జిగ పులిసిపోయేది."

నేను నాలుగేళ్ళ బీటెక్కులో, ఆ తర్వాత ఎంటెక్కులో ఇంత మంచి ఉదాహరణ వినలేదు. కానీ ఆ సంగతి గ్రహించే తెలివి అప్పుడుంటే కదా! "అలా కాదండీ" అని కొట్టిపారేసి పుస్తకంలో ఉన్న నిర్వచనం మొదటి నుంచీ చివరిదాకా ఇంగ్లీషులో అప్పజెప్పాను. మామ్మగారు ఓపిగ్గా విని "ఒక్క ముక్క అర్థం కాలేదు తల్లీ" అన్నారు. కళ్ళ ముందు మా బాబాయి, ఆయన వెనకాల వరసలు వరసలుగా బిక్కుబిక్కుమంటూ చూస్తున్న మొక్కలు కనిపించాయి.

అప్పుడు నా చూపు వంటింటి గూట్లో ఉన్న స్టీలు డబ్బాల మీద పడింది. ఒకదాంట్లో ఒకటి పట్టే సెట్టు, సరిగ్గా ఏడు డబ్బాలు. నా బుర్రలో లైటు వెలిగింది. పొరలంటే ఇవే కదా! చిన్న డబ్బాలో కబురు పెట్టి, దాన్ని పై డబ్బాలో, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి పంపితే, అవతలివాళ్ళు పెద్దదాంతో మొదలుపెట్టి విప్పుకుంటారు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి డబ్బాలు దింపించాను. ఇక రెండో కంప్యూటర్ ఎక్కడ? మండువా కిటికీలోంచి చూస్తే గోడకి అవతల, అచ్చు ఈ ఇంటి కవల లాంటి ఇల్లు కనిపించింది. మధ్య గోడకి ఒక చిన్న గేటు, దాని గడియ మీదుగా మల్లెతీగ అల్లుకుపోయి ఉంది.

"ఆ ఇల్లు ఎవరిదండీ?"

"మా మరిదిగారిది" అన్నారు పెద్దకోడలు గారు, గొంతు కాస్త తగ్గించి.

"అయితే ఇంకేమండీ, అదే రెండో కంప్యూటరు. డబ్బాలు అక్కడికి పంపిద్దాం!"

ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పడక కుర్చీలో గుర్రు కూడా ఆగిపోయింది. (నాకు తర్వాత తెలిసిన సంగతేంటంటే, ఏదో పెళ్ళిలో చిన్నకోడలుగారు భోజనం చేస్తున్న వరసలోకి పెద్దకోడలుగారు వచ్చి అందరినీ "ఇంకొంచెం వేసుకోండి" అని బలవంతం చేసి, తోడికోడల్ని మాత్రం బలవంతం చేయకుండా దాటిపోయారట. మా గోదావరి జిల్లాల్లో ఇది చిన్న నేరం కాదు. ఆ రోజు నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు, గేటు తెరిచింది లేదు.) నాకు ఇవేవీ తెలియవు కాబట్టి నేను పళ్ళికిలించుకుని నిలబడి ఉన్నాను. ఆ నిశ్శబ్దంలో మామ్మగారు మెల్లిగా "పిల్ల చెబుతోంది కదా, పంపించండి. చదువు విషయం" అన్నారు.

గోడ మీంచి చెయ్యి చాపితే అందేది డబ్బా. కానీ పెద్దకోడలుగారు ససేమిరా అన్నారు. మాటల్లేని ఇంటికి గోడ మీంచి ఇస్తే ఏం మర్యాద, వీధి గుమ్మంలోంచే వెళ్ళాలన్నారు. ఈలోగా లేచిన కరస్పాండెంట్ గారు "మరి రెండు కంప్యూటర్ల మధ్య తీగ కావాలి కదండీ. మా డ్రైవరు కారులో తీసుకెళ్తాడండి. తీగ కంటే కారు గౌరవంగా ఉంటుంది" అని సర్దేశారు. అలా ఆ ఇంటి డ్రైవరు నాకు ఫిజికల్ లేయరయ్యాడు. చిన్న డబ్బాలో ఒక్క జీడిపప్పు పలుకు వేయమన్నాను. "ఒక్క పలుకా! మా తోడికోడలు ఏమనుకోవాలి?" అని పెద్దకోడలుగారు నేతిలో వేయించిన జీడిపప్పు మూత పట్టనంతగా కుక్కారు. దాని మీద ఒక్కో డబ్బా వేస్తూ నేను ఒక్కో పొర పేరూ చెప్పాను. ఆరు డబ్బాలతో పని అయిపోయింది, ఎందుకంటే ఏడో పొర డ్రైవరే. కానీ మిగిలిన డబ్బా అలుగుతుందని మామ్మగారు దాన్ని కూడా తొడిగించారు.

"ఇదిగోండి, మీరు లోపల ఏముందో చూడకూడదు. మీ పని తీసుకెళ్ళడం వరకే" అని డ్రైవరుకి గట్టిగా చెప్పాను.

"ఆయ్, ఎందుకు చూస్తానండి" అని అతను డబ్బాని పక్క సీట్లో పెట్టి, బెల్టు కూడా పెట్టి, బయల్దేరాడు. ఆ వీధిలో కాలవ పని జరుగుతోందని కారు వెనక్కి తిరిగే వీల్లేదు. పక్కింటికి వెళ్ళడానికి అతను చెరువు గట్టు దాకా వెళ్ళి, బజారు చుట్టి, అవతలి వైపు నుంచి వచ్చాడు. నేను గోడ దగ్గర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కి, అవతలి ఇంట్లోకి తొంగి చూస్తూ నిలబడ్డాను. మామ్మగారు కూడా, గేటు సందులోంచి అవతలి అరుగు కనిపించేలా, గోడ పక్కన కుర్చీ వేయించుకున్నారు. అరుగు మీదికి వచ్చిన చిన్నకోడలుగారు, తమ ఇంటి ముందు ఆగిన బావగారి కారునీ, గోడ మీద తేలిన నా తలకాయనీ మార్చి మార్చి చూశారు.

"కంగారుపడకండీ, ఇది నెట్‌వర్క్స్ పాఠమండి! పెద్ద డబ్బాతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ విప్పండి!" అని అరిచాను. ఆవిడ విప్పుకుంటూ చిన్న డబ్బా దాకా వచ్చి మూత తీశారు. మూత పట్టనంత కుక్కిన డబ్బాలో సగమే ఉంది.

మామ్మగారి చూపు తిన్నగా డ్రైవరు మీసం మీదికి వెళ్ళింది. మీసం నేతితో మెరుస్తోంది. "ఏరా, దారిలో గాలికి ఎగిరిపోయిందా?"

"ఉప్పు సరిపోయిందో లేదోనని చూశానండి. పరువు విషయం కదండి మరి."

నాకు కోపం రావాల్సింది పోయి బ్రహ్మానందమైంది. సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది! దారిలో కబురు పోవచ్చు, సగమే చేరవచ్చు. అందుకే అవతల నుంచి 'అందింది' అని తిరుగు కబురు రావాలి, రాకపోతే ఇవతలివాళ్ళు మళ్ళీ పంపాలి. ఆ తిరుగు కబురులో సరుకేమీ ఉండనక్కర్లేదు. ఇదంతా స్టూలు మీంచి ఉపన్యసించి, చిన్నకోడలుగారితో "ఇప్పుడు మీరు ఖాళీ డబ్బా వెనక్కి పంపండి. ఖాళీ డబ్బా వస్తే మీకు అందిందని వీళ్ళకి తెలుస్తుంది. అంతటితో పాఠం అయిపోతుంది" అన్నాను.

"ఖాళీదా అండీ?" ఆవిడ మొహం చూస్తే నేను ఆవిడని దొంగతనం చేయమన్నట్టుంది. లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చి, డబ్బాలు వరసగా మూసి, డ్రైవరుకిచ్చారు. కారు మళ్ళీ బజారంతా చుట్టి వచ్చింది. ఇక్కడ విప్పితే చిన్న డబ్బాలో రెండు సున్నుండలు!

"ఖాళీగా పంపాలి కదండీ!" అని నేను ఏడుపు మొహం పెడితే మామ్మగారు నన్ను ఓదార్చారు. "పోన్లే తల్లీ. ఇప్పుడు మనకి సరుకొచ్చింది కదా. నీ లెక్క ప్రకారం మనం అందిందని చెప్పొద్దూ?" లెక్క ప్రకారం చెప్పాల్సిందే. మరి పెద్దకోడలుగారు మాత్రం ఖాళీ డబ్బా పంపుతారా? జంతిక పంపుతానన్నారు. జంతిక చిన్న డబ్బాలో పట్టలేదు. ముక్కలు చేసి వేశారు. నాకు మళ్ళీ హుషారొచ్చింది. పెద్ద కబురుని ముక్కలు చేసే పంపుతారని, అవతల ఆ ముక్కల్ని వరసలో పేర్చుకోవాలని గోడ మీంచి అరిచాను. చిన్నకోడలుగారు పాపం ఎంతో శ్రద్ధగా పళ్ళెంలో ముక్కలన్నీ పేర్చి మళ్ళీ జంతిక చుట్టబోయారు. మధ్యలో ఒక ముక్క తక్కువైంది. అందరం డ్రైవరు వైపు చూశాం. "ఆయ్, కరకరలాడుతోందో లేదోనని..." అన్నాడు.

అటు నుంచి కజ్జికాయలు వచ్చాయి. ఇటు నుంచి దోసావకాయ వెళ్ళింది. చిన్న డబ్బా సరిపోక పెద్ద డబ్బాలోనే నేరుగా వేయడం మొదలుపెట్టారు. దాంతో పొరలన్నీ గంగలో కలిసిపోయాయి. ట్రాన్స్‌పోర్ట్ లేయర్లో పచ్చడి ఉంది, నెట్‌వర్క్ లేయర్లో బొబ్బట్లున్నాయి. కారులో ఆయిల్ అయిపోవచ్చిందని డ్రైవరు రెండు మూడు సార్లు మొరపెట్టుకున్నాడు గానీ, ప్రతి ట్రిప్పులోనూ అతని నడుము దగ్గర చొక్కా గుండీ మరింత బిగుసుకుపోవడం నేను గమనిస్తూనే ఉన్నాను. ప్రతిసారీ నేను "ఇప్పుడైనా అర్థమైందా అండీ?" అని ఆశగా అడగడం, మామ్మగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని "లేదే తల్లీ. ఇంకోసారి పంపించు" అనడం. ఎండ చల్లబడింది. నా గొంతు బొంగురుపోయింది. కొవ్వూరులో నా ఉద్యోగం గోదాట్లో కలిసిపోతోందని నాకు స్పష్టంగా తెలుస్తోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పటిదాకా ఎలా ఆపుకున్నానో తెలియదు, చిన్నకోడలుగారు మళ్ళీ ఏదో తేవడానికి లోపలికి వెళ్ళబోతుంటే ఒక్కసారి బద్దలైపోయింది. "ఒక్క ఖాళీ డబ్బా పంపడానికి మీకందరికీ ఏమొచ్చిందండీ! ఖాళీగా పంపితే మీ సొమ్మేం పోయింది!" అని స్టూలు మీద నిలబడి, ఆ రెండిళ్ళూ మార్మోగేలా అరిచాను. అరిచాక నాలుక కరుచుకున్నాను. ఉద్యోగం అడగడానికి వచ్చినవాళ్ళు ఇలా అరుస్తారా ఎక్కడైనా?

చిన్నకోడలుగారు గుమ్మంలో ఆగిపోయారు. వెనక్కి తిరిగి, నాతో కాదు, నా పక్కన గోడతో చెబుతున్నట్టుగా అన్నారు. "ఇన్నాళ్ళకి మా అక్కయ్య ఇంటి నుంచి నాకు డబ్బా వచ్చిందండి. ఖాళీగా పంపితే అంతటితో అయిపోతుంది కదండీ. నాకు మనసొప్పడం లేదు."

గోడకి ఇవతల పెద్దకోడలుగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత ఎవరితోనూ కానట్టుగా "సున్నుండల్లో నెయ్యి ఎక్కువేసింది. నాకు అలా అయితేనే ఇష్టమని దానికి గుర్తుంది" అన్నారు. అటు వైపు ఏదో చప్పుడైంది. చూస్తే చిన్నకోడలుగారు పూతరేకుల పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చిన్న గేటు గడియ లాగుతున్నారు. మల్లెతీగ తెగింది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. "ఎంతసేపని కారు తిప్పుతారు అక్కయ్యా, నేనే వచ్చేశాను" అంటూ ఆవిడ లోపలికి నడిచి వచ్చేశారు. ఇక చూడండి, పెద్దకోడలుగారు ఆవిడని కూర్చోబెట్టి పెట్టిన పెట్టుడు! ఇంకొక్కటి, నా మాట విని ఇంకొక్కటి, నా మీద ఒట్టు అంటూ, పాపం ఆ మనిషికి ఊపిరాడకుండా చేశారు. అంత చేసి పాత బాకీ తీర్చుకున్నారు.

నేను స్టూలు దిగి ఒక మూల నిలబడ్డాను. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు. డబ్బాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, ఒక్కదానిలోనూ ఏ పొరా మిగల్లేదు. ఫైలు తీసుకుని చప్పుడు చేయకుండా జారుకుందామనుకుంటుంటే కరస్పాండెంట్ గారు అడ్డొచ్చారు.

"ఒక్క సందేహమండి. మా ఇళ్ళల్లో అయితే ఇది ఆగలేదు సరే. మరి కంప్యూటర్లలో ఎలా ఆగుతుందండీ?"

నేను నోరు తెరిచాను. బట్టీ కొట్టినది ఒక్కటీ రాలేదు. కోపం, ఆకలి (అంత తిన్నా సరే), అలసట అన్నీ కలిసి నోటికొచ్చింది చెప్పేశాను. "'అందింది' అన్న కబురుకి మళ్ళీ 'అందింది' అని ఎవరూ బదులు చెప్పరండి. అందులో సరుకు లేదు కదా, బదులెందుకు? కంప్యూటర్లకి మర్యాద తెలియదండి. అందుకే వాటి పని అవుతుంది. మీరందరూ కంప్యూటర్లయితే ప్రపంచంలో ఒక్క కబురు కూడా పూర్తవదండి." పుస్తకం చూడకుండా, నా అంతట నేను అర్థం చేసుకుని చెప్పిన మొదటి మాట అదే.

కరస్పాండెంట్ గారు మామ్మగారి వైపు తిరిగారు. "ఏమ్మా?"

మామ్మగారు రెండు వైపులా కూర్చున్న కోడళ్ళిద్దర్నీ తృప్తిగా ఒకసారి చూసుకున్నారు. చేతిలో పూతరేకు ముక్క నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, మింగి, "ఆఁ... ఇప్పుడు అర్థమైందిరా అబ్బాయ్. బాగా చెప్పింది పిల్ల" అన్నారు.

ఆ సోమవారం నుంచి నేను లెక్చరర్ని. మా బాబాయి తన మొక్కలన్నింటికీ శుభవార్త తనే వెళ్ళి చెప్పినట్టున్నాడు. నేను మాత్రం ఆ విజయాన్ని ఊరికే వదల్లేదు. స్టాఫ్ రూములో కొత్తగా ఎవరు చేరినా, ముందు కుర్చీ చూపించి, ఆ వెంటనే మామ్మగారి కథ చెప్పేదాన్ని. కష్టమైన సబ్జెక్టని ఉండదండీ, చెప్పే చేవ ఉండాలి, నేను స్కూలు మొహం చూడని పెద్దావిడకి ఏడు పొరలూ నూరిపోశాను అని గొప్పలు పోయేదాన్ని. ఒకసారి టీచర్లకి పెట్టిన మీటింగులో మైకు పట్టుకుని మరీ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

మొన్నీమధ్య మామ్మగారికి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వెళ్ళాను. ఇద్దరు కోడళ్ళూ మంచానికి చెరో వైపూ కూర్చుని, కొబ్బరి నీళ్ళు ముందు ఎవరి గ్లాసువి తాగాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. వాళ్ళు లోపలికి వెళ్ళాక నేను మామ్మగారి చెయ్యి పట్టుకుని, "ఎంతమందికి పాఠాలు చెప్పినా మీకు చెప్పిన పాఠమే నాకు గొప్పండి. పట్టు వదలకుండా మీకు అర్థమయ్యేదాకా చెప్పాను కదండీ" అన్నాను, కళ్ళు ఒత్తుకుంటూ.

మామ్మగారు పడుకునే నవ్వారు. మంచం కూడా ఊగింది. "పిచ్చిమొద్దూ! నాకు మొదటి డబ్బాకే అర్థమైందే. అర్థమైందని చెబితే నువ్వు ఉద్యోగం పుచ్చుకుని బస్సెక్కేస్తావు. నా కోడళ్ళ మధ్య డబ్బాలెవరు తిప్పుతారు?"

మొదటి డబ్బాకే! అంటే ఆ తర్వాత గోడ మీద వేలాడుతూ, గొంతు చించుకుంటూ, ఉద్యోగం పోయిందని లోపల్లోపల ఏడుస్తూ గడిపిన ఆ మధ్యాహ్నమంతా నాకు ఆ ఉద్యోగం వచ్చేసే ఉంది. నాకు చెప్పలేదంతే. కాసేపు ఉక్రోషమొచ్చింది, తర్వాత నవ్వాగలేదు. ఆ ఉద్యోగం తెచ్చుకున్న సాయంత్రం రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బ్రిడ్జి పొడుగునా గోదారి గాలికి చున్నీ ఎగరేసుకుంటూ, లోకంలో నా అంత గొప్పగా చెప్పేవాళ్ళు లేరనుకుని తనలో తనే తెగ మురిసిపోయిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. వెళ్ళి పక్క సీట్లో కూర్చుని ఆ సంగతి చెప్పేసే వీలున్నా నేను చెప్పను. పాపం, ఎంత సంతోషంగా ఉందో.